కల్లు మందు కాదన్నాను

నేను తెలుగు పంతులుని. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే నా ప్రాణం మీదికి తెచ్చింది వైరస్ ఒక్కటే కాదు, నా తెలుగు కూడా.

మణుగూరు దాటి భద్రాచలం వైపు పోతుంటే, రోడ్డుకు అడవి బాగా దగ్గరికొచ్చే చోట ఒక ఊరుంది. ఆ ఊరి హైస్కూల్లో పద్నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మా పిల్లల్లో సగం మంది ఇంట్లో కోయ మాట్లాడి, బడికొచ్చి నా దగ్గర తెలుగు నేర్చుకుంటారు. వాళ్ల తెలుగులో తప్పులు వెతకడం న్యాయం కాదని నాకు తెలుసు. అందుకని మిగతా లోకం తెలుగులో వెతుకుతాను. బస్టాండు బోర్డులు, పెళ్లి పత్రికలు, హెడ్మాస్టరు గారి నోటీసులు ఏవీ నా చేతిలోంచి క్షేమంగా బయటపడలేదు. ఒకసారి మా ఆవిడ కిరాణా చీటీలో కందిపప్పుకు సున్నా మర్చిపోతే, ఎర్ర పెన్నుతో సున్నా పెట్టి మరీ దుకాణానికి తీసుకెళ్లాను. ఆ చీటీ ఆమె ఇప్పటికీ దాచుకుంది. చుట్టాలొచ్చినప్పుడు తీసి చూపిస్తుంది.

రెండేళ్ల కింద చలికాలంలో మా బడిలో రక్తదాన శిబిరం పెట్టారు. పిల్లలకు ఆదర్శంగా ఉండాలని అందరికన్నా ముందు వెళ్లి మంచమెక్కాను. ఒక అరటిపండు, ఒక బిస్కెట్ ప్యాకెట్, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. సర్టిఫికెట్ మీద "రక్థదాత" అని ఉంది. అక్కడికక్కడే దిద్ది, ఇచ్చినాయనకు చూపించాను. ఆయనకు పెద్దగా సంతోషం కలిగినట్టు లేదు.

కొన్ని రోజులకు ఫోన్ వచ్చింది. మీ రక్తం ఎవరికీ ఎక్కించడానికి పనికిరాదు, ఖమ్మం పోయి పెద్ద డాక్టరుకు చూపించుకోండి అన్నారు. ఇన్నేళ్లకు నాలో తప్పు దొరికిందన్న మాట. బిస్కెట్ ప్యాకెట్ తిరిగి ఇవ్వాలా అని అడిగాను. భయమేసినప్పుడు నేను ఇట్లాగే మాట్లాడతాను.

ఖమ్మంలో డాక్టరు ముప్పై ఏళ్లు దాటని అమ్మాయి. మధిర వైపు మనిషని మాటను బట్టే తెలిసింది. మళ్లీ రక్తం తీయించింది, కడుపు స్కానింగ్ చేయించింది, అన్నీ ముందు పెట్టుకుని నిదానంగా చెప్పింది. దీన్ని హెపటైటిస్ సి అంటారు. రక్తం ద్వారా వస్తుంది. సరిగ్గా శుభ్రం చేయని సూదుల వల్ల, ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడటం వల్ల, పాత రోజుల్లో రక్తం ఎక్కించుకున్నా రావచ్చు. కలిసి తిన్నంత మాత్రాన, ముట్టుకున్నంత మాత్రాన రాదు. లోపలికి చేరాక ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కూర్చుని లివర్‌ను తింటుంది.

మా చిన్నప్పుడు ఊళ్లో ఒకాయన ఒక్క సూదితో వాడకట్టు మొత్తానికి జ్వరం తగ్గించేవాడు. ఆ సంగతి చెప్తే, ఆయన వల్లే అని ఇప్పుడు చెప్పలేమండి అంది డాక్టరు. నేను మాత్రం ఆయన్నే అనుమానిస్తాను. చీమ కుట్టినట్టు ఉంటుందని ప్రతిసారీ పచ్చి అబద్ధం ఆడేవాడు.

"లివర్ కొంత గట్టిపడింది. కానీ మిగిలింది ఇంకా బాగానే పని చేస్తోంది. ఆ మిగిలిందాన్ని మనం కాపాడుకోవాలి" అంది ఆమె. రోజుకొక మాత్ర, పన్నెండు వారాలు. చాలామందికి దాంతో వైరస్ పూర్తిగా పోతుందట. నా గుండె కుదుటపడింది. అప్పుడు అడిగింది ఆ ప్రశ్న.

"మందు అలవాటుందా అండి?"

"లేదు మేడం."

"ఆ వాసనే పడదు మేడం ఆయనకు" అని మా ఆవిడ పక్క నుంచి వత్తాసు పలికింది.

మేమిద్దరం ఒట్టు పెట్టి చెప్పగలిగినంత నిజమే చెప్పాం. పెళ్లికి ముందు తాగే బ్రాందీని ఈమె మెడలో తాళి కట్టిన రోజే మానేశాను. ఆ తర్వాత వైన్స్ షాపు మెట్లెక్కలేదు. ఇక కల్లంటారా, మా వైపు కల్లు మందు కాదు. మందంటే సీసాలో ఉండేది, మూత ఉండేది, తాగి ఇంటికొస్తే పెళ్లాం ఏడ్చేది. కల్లు చెట్టు మీది నుంచి దిగుతుంది. వేడి చేసినవాళ్లకు చలవ అంటారు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు కరుగుతాయంటారు, సన్నబడ్డవాళ్లను పొద్దున్నే తాళ్లల్లోకి, అంటే తాటిచెట్ల కిందికి, పంపిస్తారు. ఆదివారం మా ఇంట్లో కోడికూర పక్కన కల్లు ముంత లేకపోతే ఏదో అరిష్టం జరిగినట్టు ఉండేది. అది తెచ్చి పెట్టేది కూడా మా ఆవిడే.

సెలవు రోజున తెల్లారగానే నేను తాళ్లల్లో ఉండేవాణ్ణి. గీత గీసే అన్న చెట్టు దిగి, కల్లు కుండ, అదే లొట్టి, దించి, అందులోంచి నా రేకలోకి వంచేవాడు. రేకంటే తాటాకును మడిచి చేసిన దోసిలి. మామూలుగా మూడు రేకలు. మనసు బాగుంటే ఐదు. మనసు బాగాలేకపోయినా ఐదే. ఎండాకాలం వచ్చిందంటే బడి నుంచి వస్తూ కూడా రెండు పుచ్చుకునేవాణ్ణి. ఇదంతా డాక్టరుకు చెప్పాలని తోచలేదు. పొద్దున ఎన్ని ఇడ్లీలు తిన్నానో చెప్పలేదు గదా, ఇదీ అంతే అనుకున్నాను.

చివర్లో ఆమె లేచి నిలబడి, "మందు ఒక్క రోజు కూడా మానొద్దు. మందు ఒక్క చుక్క కూడా ముట్టొద్దు" అంది.

నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నారని అడిగింది. నానార్థాలు మేడం, ఒకే మాటకు రెండు అర్థాలు, రెండూ ఒకే ఊపిరిలో వచ్చాయి అని వివరించాను. ఆమె బయట వరసలో ఉన్నవాళ్లను చూసి, నన్ను చూసి, తలుపు వైపు చెయ్యి చూపించింది.

మర్నాడే తొమ్మిదో తరగతిలో నానార్థాల పాఠం చెప్పాను. సిలబస్ ప్రకారం అది ఇంకా రెండు నెలలకు రావాలి. మందు అంటే ఔషధం, మందు అంటే సారాయి, మందు అంటే చేనుకు కొట్టే పురుగుల మందు, మందు అంటే బాంబుల్లో కూరేది. కల్లు కూడా మందేనా సార్ అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. కాదు, కల్లు పానీయం అన్నాను. అందరూ రాసుకున్నారు. పరీక్షలో కూడా అట్లాగే రాస్తే మార్కులు వేశాను.

మాత్రలు మాత్రం నిష్ఠగా వేసుకున్నాను. పొద్దున ఏడు కొట్టగానే, ఎక్కడున్నా సరే. ఒక సెలవు రోజు తాళ్లల్లో ఉండగా ఏడైంది. నీళ్ల సీసా ఇంట్లో మర్చిపోయాను. వేళ తప్పకూడదని డాక్టరు మరీ మరీ చెప్పింది గదా. కల్లుతోనే మింగాను. అంత క్రమశిక్షణ ఉన్న రోగి ఆమెకు ఇంకొకడు దొరకడని లోలోపల గర్వపడ్డాను కూడా.

నెల తర్వాత మళ్లీ ఖమ్మం వెళ్లాం. డాక్టరు నా కొత్త రిపోర్టు చూసి నొసలు చిట్లించింది. వైరస్ తగ్గుతోంది, లివర్ మాత్రం ఇంకా మంట మీదే ఉంది, ఇట్లా ఉండకూడదే అంది. నా కళ్లలోకి చూసి, "మందు మానేశారా?" అని అడిగింది.

నాకు కోపమొచ్చింది. నేను మానేసే రకమా?

"ఎందుకు మానేస్తాను మేడం? రోజూ తెల్లారేసరికి పడాల్సిందే" అన్నాను.

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. మా ఆవిడ కూడా, "అవ్ మేడం, టయానికి నేనే గుర్తు చేస్త" అంది. డాక్టరు ముఖం చూస్తే మా ఇద్దరినీ కలిపి పోలీసులకు అప్పజెప్పేట్టు ఉంది. ఏ మందు గురించి ఎవరు మాట్లాడుతున్నారో తేలడానికి కొంచెం సేపు పట్టింది. తేలాక మొదటిసారి నవ్వింది. మీ తెలుగుతో నాకు బీపీ వచ్చేలా ఉందండి అంది. సరే, తాగడం లేదు కదా అని మళ్లీ అడిగింది. లేదు అన్నాను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదటిసారి లేదన్నప్పుడు నిజంగానే నాకు తోచలేదు. ఈసారి తోచింది. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె అడిగింది మందు గురించి, నేను తాగేది కల్లు, అడిగిన దానికి జవాబు చెప్పాను, అంతకుమించి చెప్పాల్సిన పని నాకు లేదు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. చెబితే మానమంటుందని భయం. ఎండాకాలం మొదలైంది, తాళ్లు బాగా పారుతున్నాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇదే అసలు కారణం.

నాకన్నా గీత గీసే అన్నకే ఎక్కువ తెలివుంది. ఒక రోజు లొట్టి వంచబోయి ఆగాడు.

"సారూ, మీ కండ్లు పచ్చగున్నయ్. డాక్టరమ్మకు కల్లు సంగతి చెప్పిన్రా?"

"ఆమె మందు గురించి అడిగింది. మందు తాగనని చెప్పాను."

ఆయన చదువుకున్న సార్లతో ఏం వాదిస్తాం అన్నట్టు రేక నింపాడు. మూడు నింపాల్సిన చోట రెండే నింపి లొట్టి పక్కన పెట్టాడు. చెట్టు సరిగ్గా పారలేదన్నాడు. నేను లొట్టిలోకి తొంగి చూశాను, నురగతో అంచు దాకా ఉంది.

మార్చిలో రెండో శనివారం బడికి సెలవు. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. మూడో రేక దాటాక కడుపులో తిప్పింది, కళ్లు బైర్లు కమ్మాయి, చెట్టు పట్టుకుని భళ్లున కక్కుకున్నాను. గీత గీసే అన్న నన్ను తన బండి మీద వేసుకుని, నా చేతులు తన నడుముకు తువ్వాలతో కట్టేసి ఇంటికి తెచ్చాడు. మా ఆవిడకు ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు పాపం. "సారు మందు మీద కల్లు తాగిండమ్మా" అన్నాడు. మాత్ర వేసుకుని దాని మీద కల్లు తాగాడని ఆయన భావం. వ్యాకరణం ప్రకారం ఏ తప్పూ లేదు.

మా ఆవిడ ఫోన్ తీసుకుని తమ్ముడికి చేసింది. ఏడుస్తూ చేసింది. వైరా దగ్గర వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఎప్పుడూ అంతంతమాత్రమే. ఆమె చెప్పిన నాలుగు ముక్కల్లో అతనికి వినపడింది ఒక్కటే. మీ బావ మందు తాగిండు రా.

ఆ మాట మా ఆవిడ పుట్టింట్లో ఎట్లా వినపడుతుందో చెప్పాలి. వాళ్లది మిర్చి పండించే ఇల్లు. మిర్చి ఊళ్లల్లో ఫలానా వాడు మందు తాగాడంటే ఎవరూ బ్రాందీ అనుకోరు. మా ఆవిడకు ఇద్దరు తమ్ముళ్లు ఉండేవాళ్లు. పెద్దతను పన్నెండేళ్ల కింద పురుగుల మందు తాగి పోయాడు. ఇప్పుడు ఫోనెత్తినవాడు చిన్నతను.

అతను ముందు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. తర్వాత మా హెడ్మాస్టరుకు చేశాడు. అంతే, ఊరికంతా తెలిసిపోయింది. నేను వరండాలో మడత కుర్చీలో పడుకుని మజ్జిగ కోసం చూస్తుంటే, వాకిట్లోకి జనం రావడం మొదలైంది. పక్కింటామె సబ్బు నీళ్లు కలుపుకుని చెంబుతో వచ్చింది. హెడ్మాస్టరు గారు వచ్చి నా చెయ్యి పట్టుకుని, మీకంత కష్టం వచ్చిందని తెలియదండీ, నోటీసులు దిద్దితే దిద్దారు, నేనేమీ అనుకోలేదు అన్నారు. నేను ఎందుకు ఈ పని చేసి ఉంటానో నా ముందే చర్చ జరిగింది. మిర్చి రేటు పడిపోయినందుకని ఒకరు, సారుకు మిర్చి ఎక్కడుందని ఇంకొకరు, బదిలీ భయమని మరొకరు. నేను కల్లు తాగానని చెబితే, పాపం మాట తడబడుతోంది అన్నారు.

అంతలో అంబులెన్సు వచ్చింది. అందులో వచ్చిన కుర్ర ఉద్యోగి మొదట పక్కింటామెను కోప్పడ్డాడు. సబ్బు నీళ్లు తాగించొద్దమ్మా, కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతది అన్నాడు. తర్వాత కాగితం తీసి నన్ను అడగడం మొదలుపెట్టాడు. ఏం తాగారంటే కల్లు అన్నాను. అందులో ఏం కలుపుకున్నారంటే ఏమీ కలపలేదన్నాను. మరి మందు సంగతేమిటంటే, పొద్దున ఏడింటికి వేసుకున్నాను, రోజూ ఏడింటికే వేసుకుంటాను అన్నాను. అతను రాయడం ఆపి, డ్రైవరు వైపు చూశాడు. మాత్రల డబ్బా చూపించాక, నా కళ్లు చూశాక, బండెక్కండి సార్, దగ్గరి దవాఖానాకు పోదాం అన్నాడు. నేను రానని మొండికేశాను. నా డాక్టరు ఖమ్మంలో ఉందన్నాను. నాతో సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. కాగితంలో తప్పులు చూడకుండా సంతకం పెట్టడం నా సర్వీసులో అదే మొదటిసారి.

మధ్యాహ్నం కావస్తుండగా మా బామ్మర్ది వచ్చాడు. కల్లంలో మిరప బస్తాలు ఎక్కిస్తున్న ట్రాలీ బండిని ఉన్నపళంగా తోలుకొచ్చాడు. సగం బస్తాలు అందులోనే ఉన్నాయి. బస్తాల మీద మా ఆవిడ పిన్ని, బాబాయి, ఎవరో నాకు పరిచయం లేని ఒక పెద్దాయన ఉన్నారు. ముగ్గురూ తుమ్ముతూ దిగారు. మా బామ్మర్ది నా వైపు రాలేదు. నేరుగా ఇంట్లోకి పోయాడు. వంటింట్లో, స్నానాల గదిలో, పెరట్లో దేన్నో వెతికి చేతుల నిండా సీసాలతో బయటికొచ్చాడు. ఏ మందు తాగారో తెలిస్తేనే డాక్టరు దానికి విరుగుడు ఇవ్వగలడు, అందుకని సీసా వెంట తీసుకుపోవాలి. మిర్చి ఊళ్లల్లో అది అందరికీ తెలిసిన సంగతి. ఫినాయిల్ సీసా, బొద్దింకల మందు, మా ఆవిడ జుట్టుకు వేసుకునే రంగు నా ముందు వరసగా పెట్టాడు.

"ఇందుల ఏది బావా? జల్దీ చెప్పు."

"జుట్టు రంగు మీ అక్కది" అన్నాను.

అప్పుడు మా ఆవిడ, కల్లు రా, ఉత్త కల్లు అని మొత్తం చెప్పింది. వాకిట్లో ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా బామ్మర్ది నవ్వలేదు. వరండా మెట్టు మీద కూలబడి చాలాసేపు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ తర్వాత లేచి, నడువ్ బావా, ఖమ్మం పోదాం అన్నాడు. పెద్దగా ఏమీ లేదు, సోమవారం పోదాం అని నేను అంటుంటే వినకుండా భుజం పట్టుకుని బండెక్కించాడు.

మిరప బస్తాల మధ్య కూర్చుని ఎవరైనా వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణం చేశారో లేదో తెలియదు. నేను చేశాను. కొత్తగూడెం దాకా లెక్కలేనన్ని సార్లు తుమ్మాను. ఆ పరిచయం లేని పెద్దాయన ప్రతి తుమ్ముకూ నాకు దీర్ఘాయుష్షు అని దీవిస్తూ, మధ్యలో తానూ తుమ్ముతూ వచ్చాడు. ఆయన ఎవరని మా ఆవిడను మెల్లగా అడిగాను. తెలియదంది. వాళ్ల పిన్నిని అడిగితే, బస్తాల తూకం కోసం వచ్చిన మనిషట, హడావిడిలో దిగడం మర్చిపోయాడట.

డాక్టరు ఆ రోజు వార్డులోనే ఉండటం నా అదృష్టం. మేమందరం లోపలికి వెళ్లగానే నర్సు తుమ్మింది. డాక్టరు మాస్కు పైకి లాక్కుని, ఏం తాగారు అని అడిగింది. ఈసారి నేను జవాబు వెతుక్కునే లోపలే మా ఆవిడ చెప్పేసింది.

"కల్లు తాగుతడు మేడం. చానా ఏండ్ల నుంచి. నేనే తెచ్చిస్త. మీరు మందు అడిగిన్రు, కల్లు అడగలే."

డాక్టరు కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే నాకు తేలిగ్గా ఉండేది. ఆమె స్కానింగ్ కాగితం తీసి, మా ఆవిడకు, మా బామ్మర్దికి కనపడేట్టు పట్టుకుంది. కల్లులో ఉండేదీ అదే, బ్రాందీలో ఉండేదీ అదే, పాళ్లు తేడా అంతే అంది. వైరస్ ఇన్నేళ్లు తిని లివర్‌లో మచ్చలు చేసింది. దాని మీద ఇది పడితే ఇరవై ఏళ్లలో జరగాల్సింది నాలుగైదు ఏళ్లలోనే జరిగిపోవచ్చు. లివర్ బండబారుతుంది. కడుపులో నీరు చేరుతుంది, రక్తం కక్కుకుంటారు, కొంతమందికి క్యాన్సర్ వస్తుంది. ఇంత తాగితే పర్వాలేదు అని ఈయనకు చెప్పడానికి నా దగ్గర కొలత లేదు. మాత్రలతో వైరస్ పోయినా మచ్చలు మచ్చలుగానే ఉంటాయి, అప్పుడు కూడా తాగకూడదు. ఇదంతా పిల్లలకు పాఠం చెప్పినట్టు ఒక్కొక్క మాట విడివిడిగా చెప్పింది.

మా బామ్మర్ది ఆ కాగితం వైపే చూస్తూ అడిగాడు.

"అంటే మేడం, మా బావ నిజంగనే పురుగుల మందు తాగినట్టేనా?"

ఆమె కాగితం కింద పెట్టింది.

"ఈయన లివర్‌కి అంతేనండి. కాకపోతే మెల్లగా" అంది.

ఇన్నాళ్లూ నేను ఆడుకున్న మాట అది. పాఠంగా చెప్పాను, మార్కులు వేశాను, దాని వెనక దాక్కుని రోజూ తాళ్లల్లోకి పోయాను. మా ఆవిడ ఏడవలేదు. నా చొక్కా కాలరుకు అంటిన మిరప గింజను తీసి కింద పడేసింది. డాక్టరుతో పాటు ఈమెను కూడా మోసం చేశానని అప్పుడు అర్థమైంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

నన్ను ఆ రాత్రికి అక్కడే ఉంచుతామన్నారు. మంచం ఖాళీ అయ్యేదాకా బయట కూర్చోమన్నారు. వసారాలో ఎండ ఇంకా తగ్గలేదు. మా బామ్మర్ది కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. చాలాసేపటి నుంచి కడుగుతున్నాడు. దగ్గరికి పోయి చూస్తే అరికాళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, ఒక చోట బొబ్బ లేచింది. పొద్దుట్నుంచి అతను చెప్పుల్లేకుండానే ఉన్నాడు. కల్లంలోంచి బండెక్కాడు, ఆ కాళ్లతోనే బ్రేకులు తొక్కాడు, డీజిల్ కోసం దిగాడు, మా వాకిట్లో ఎండలో తిరిగాడు. నాకు పాడు అలవాటు ఒకటుంది. మనసు బరువెక్కగానే వెక్కిరిస్తాను. ఏం రా, చెప్పులు కూడా మిర్చి బస్తాలో వేసి కుట్టేశారా అన్నాను.

అతను కుళాయి కట్టేశాడు.

"అన్న తాగిండని ఫోనొచ్చిననాడు చెప్పులు దొరకలే బావా. యెతికి, తొడుక్కొని పోయిన. నేను పోయేసరికి అయిపోయింది."

అంతే అన్నాడు. తువ్వాలుతో కాళ్లు తుడుచుకుంటూ, ఆ తూకం పెద్దాయన అన్నం తిన్నాడో లేదో చూసొస్తానని లోపలికి పోయాడు. నేను ఆ కుళాయి దగ్గరే నిలబడిపోయాను. ఆ పూట నేను మొదటిసారి ఏడ్చాను. జబ్బు బయటపడినప్పుడు కూడా ఏడవలేదు.

మిగిలిన వారాలు మాత్రలు నీళ్లతోనే వేసుకున్నాను. అన్నీ అయ్యాక, ఇంకో మూడు నెలలు ఆగి చేసిన పరీక్షలో వైరస్ లేదన్నారు. మచ్చలున్నాయి, అవి ఉంటాయి. ఆరు నెలలకోసారి ఖమ్మం పోయి స్కానింగ్ చేయించుకుంటున్నాను. ఆ శనివారం తర్వాత కల్లు ముట్టలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఎండాకాలం పొద్దుటి పూట ఇప్పటికీ నోరూరుతుంది, తాళ్లల్లోంచి గాలి వచ్చిందంటే కిటికీ మూసుకుంటాను.

పెళ్లిళ్లలో, పబ్బాల్లో ఎవరో ఒకరు ఒక్క రేక పుచ్చుకోండి సార్, కల్లేగా, ఏం కాదు అంటుంటారు. నేను తాగితే మా బామ్మర్ది చెప్పుల్లేకుండా రావాలండి అంటాను. వాళ్లకు అర్థం కాక నా ముఖం చూస్తారు. నేను విడమరచి చెప్పను.